పరిగెత్తేదాని ఫోటో

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. ఎక్స్‌రే అత్త, ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఎక్స్‌రేలు తీసిన మనిషి. ఆమె అన్నయ్య, బస్సు డిపోలో ముప్పై రెండేళ్ళు టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య, అంటే అత్తకి వదిన. వాళ్ళబ్బాయి, ఇన్సూరెన్సు ఏజెంటు. పొద్దున్న మొదటి బస్సుకి దిగిన అత్త చెల్లెలు, ఊళ్ళో బట్టలు కుట్టే మనిషి, ఒళ్ళో కాగితపు పొట్లంతో. పక్కింటి నల్లకుక్క కూడా గుమ్మంలో ఉంది కానీ అది లెక్కలోకి రాదు. అదెప్పుడూ ఉంటుంది.

అందరినీ పిలిపించింది టైమ్‌కీపరు. ఎందుకంటే ఇంకో పన్నెండు రోజుల్లో అత్త ఆఫ్రికా వెళ్తోంది. అక్కడ తొమ్మిది రోజులు పైకప్పు లేని జీపులో కూర్చుని సింహాలకీ ఏనుగులకీ ఫోటోలు తీస్తుంది. టికెట్టు కొనేసింది. వీసా వచ్చేసింది. ఇక మిగిలింది ఒక్కటే, ఎల్లో ఫీవర్ సూది. అది పొడిపించుకున్నాక పది రోజులు గడిస్తేగాని ఆ దేశంలోకి రానివ్వరు. పెద్దాసుపత్రిలో ఆ సూది వారానికి ఒక్కరోజే వేస్తారు. ఆ ఒక్కరోజు ఇవాళే. పన్నెండింటికి కిటికీ మూసేస్తారు. అరవై దాటినవాళ్ళకి వేరే డాక్టరు చూసి రాసిస్తేగాని వెయ్యరు కనక, అత్త ఆ కాగితం కూడా నిన్ననే రాయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకుంది. పదిన్నరకి ఆటో రమ్మని చెప్పింది.

ఇదంతా టైమ్‌కీపరుకి తెలుసు. అందుకే సరిగ్గా పదింటికి అందరినీ కూర్చోబెట్టాడు.

"సరే, అందరూ వచ్చారు కనక మొదలుపెడదాం," అన్నాడు కుర్చీ ముందుకి లాక్కుని.

"కుక్కని కూడా లోపలికి పిలువన్నయ్యా. దాని మాట కూడా విందాం," అంది అత్త.

"వెటకారం ఆపు. నీ వయసెంత?"

"నీకంటే ఆరేళ్ళు తక్కువ."

హాలు మధ్యలో బరువు చూసుకునే మిషనుంది. దాని మీద అత్త సంచి ఉంది. అడవిలోకి తీసుకెళ్ళే విమానం చిన్నదట. మనిషికి పదిహేను కిలోలే. చక్రాల పెట్టె పనికిరాదు, మెత్తటి సంచి కావాలి. నీలం, నలుపు బట్టలు వద్దన్నారు, అక్కడ ఒకరకం ఈగలు ఆ రంగులంటే పడి చస్తాయట. అందుకని అత్త మట్టిరంగు చొక్కాలు మూడు, ప్యాంట్లు రెండు మడిచి పెట్టుకుంది. పొడుగు లెన్సు ఒకటీ, పొట్టిది ఒకటీ, బ్యాటరీలు, తుడుచుకునే గుడ్డలు. సంచి పదహారు కిలోలు చూపిస్తోంది. రెండు రోజులుగా అత్త దాంట్లోంచి ఒక్కొక్కటే తీస్తోంది. వదిన వెనకాలే వచ్చి దుప్పటి మళ్ళీ పెట్టేస్తోంది.

"ఆ సంచి ఎత్తగలవా అసలు నువ్వు?" అన్నాడు టైమ్‌కీపరు.

అత్త లేచింది. సంచి భుజానికేసుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రెండుసార్లు తిరిగింది. ఆయాసం లేదు. "ఎక్స్‌రే గదిలో సీసపు కోటు తొడుక్కుని తిరిగేదాన్ని అన్నయ్యా. ఏడు కిలోలు. అది వేసుకునే కాళ్ళు విరిగినవాళ్ళని బల్ల మీదికి ఎక్కించాను. ఇదొక బరువా?"

"ఒరే, నువ్వు చెప్పరా దీనికి," అన్నాడు టైమ్‌కీపరు కొడుకు వైపు తిరిగి.

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "అత్తా, చూడు. జీపులో ఉండగా ఏనుగొచ్చి తొక్కితే డబ్బులొస్తాయి. నువ్వే దిగి ఏనుగు దగ్గరికి పోయావనుకో, పైసా రాదు. మొసలి సంగతి కొంచెం అనుమానం. కనుక్కోవాలి."

"నీకివన్నీ ఎలా తెలుసు?" టైమ్‌కీపరు కళ్ళు చిన్నవయ్యాయి.

"పాలసీ నేనే కదా నాన్నా రాసింది. నేను రాయకపోతే ఇంకొకడు రాసేవాడు."

వదిన నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. టైమ్‌కీపరు చివరి ఆశగా చెల్లెలి వైపు చూశాడు. ఆమె అప్పటికే పొట్లం విప్పుతోంది. అందులోంచి మట్టిరంగు చేతుల్లేని కోటు ఒకటి వచ్చింది. లోపలా బయటా కలిపి పదకొండు జేబులు.

"ఒంటి మీదున్నది తూకంలోకి రాదటగా అక్కా. పొడుగు లెన్సు ఈ జేబులో పడుతుంది, కొలత చూసే కుట్టాను. ఇదిగో ఈ ఖాళీ సంచి జీపు అంచు మీద వేసుకుని కెమెరా ఆనించడానికి. అక్కడ చిక్కుడు గింజలు కొని నింపుకో. ఇక్కణ్ణుంచి మోయకు."

"నిన్ను నేను పిలిపించింది దేనికి?" అన్నాడు టైమ్‌కీపరు.

"అక్కకి బుద్ధి చెప్పమన్నావు. కోటు కుట్టద్దని చెప్పలేదుగా."

ఇక లాభం లేదనుకున్నాడేమో, టైమ్‌కీపరు లేచి బయటికి వెళ్ళాడు. ఉత్తరాలేమైనా వచ్చాయేమో చూస్తానన్నాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు, ఉత్తరాలు లేవు. కానీ ముఖంలో ఇందాకటి చిరాకు లేదు. అత్త అది గమనించింది. ఎందుకో అర్థం కాలేదు.

టైమ్‌కీపరు తీరిగ్గా కూర్చుని అలమార సొరుగులోంచి ఒక కవరు తీశాడు. అందులోవి అత్త ఎనిమిది నెలలుగా తీసిన ఫోటోలు. ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. నల్లకుక్క. మళ్ళీ నల్లకుక్క. ఎండలో నల్లకుక్క, వానలో నల్లకుక్క. అన్నిట్లోనూ అది వీపు నిటారుగా పెట్టి, ఛాతీ ముందుకి తోసి, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టే ఉంది.

"చూశారా? ఎనిమిది నెలలు. ఒక్క ఫోటోలోనూ ఒక్క ప్రాణీ కదల్లేదు. కెమెరా ఎత్తగానే ఏమంటుందో తెలుసా ఈవిడ?"

అందరికీ తెలుసు. కదలకండి, ఊపిరి బిగబట్టండి. ముప్పై ఏళ్ళు రోజుకి నలభైసార్లు అన్న మాట. చేతిలోకి కెమెరా రాగానే నోట్లోంచి అదే వచ్చేస్తుంది. పాపం కుక్క కూడా నేర్చుకుంది.

"సింహానికి కూడా అలాగే చెప్తావా?" అన్నాడు టైమ్‌కీపరు. "ఊపిరి బిగబట్టి కూర్చోవే తల్లీ అంటే అది కూర్చుంటుందా? ఇంతోటి ఫోటోలకి అంతదూరం ఎందుకు? టీవీలో చూస్తే సరిపోదూ?"

ఏజెంటు పకపకా నవ్వాడు. చెల్లెలు కూడా నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త నవ్వలేదు. ఆ ఫోటోల సంగతి ఆమెకి అందరికంటే ముందే తెలుసు. తెలిసే వాటిని సొరుగులో అడుగున పెట్టింది. చెవులు వేడెక్కాయి. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, అన్నయ్య చెప్పేది నిజమేనేమో అనుకుంది. నిజమే కదా. కదిలేదాన్ని తియ్యడం ఆమెకి రాదు.

ఆ ఆలోచనే ఆమెకి తిక్క పుట్టించింది.

"అన్నయ్యా, నా గదిలోకి వచ్చినవాళ్ళంతా ఎవరు?" అంది. గొంతు పెంచలేదు. "చెయ్యి విరిగినవాళ్ళు. కాలు విరిగినవాళ్ళు. దగ్గులో రక్తం పడ్డవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్కడు కూడా నేను బాగున్నానండీ, ఒక ఫోటో తియ్యండి అని రాలేదు. ప్రతివాడూ ఎక్కడో విరిగే వచ్చాడు. నొప్పితో మూలుగుతుంటే కదలద్దని గద్దించాను. కదిలితే నా ఫోటో పోతుంది మరి. నాకు విరగనిదాన్ని ఒక్కదాన్ని చూడాలనుంది. అది నా మాట వినకూడదు. నా ముందునుంచి పరిగెత్తుకుంటూ పోవాలి. తీయడం రాదంటావా, రాదు. ఇక్కడ కూర్చుంటే ఎప్పటికీ రాదు. అందుకే వెళ్తున్నాను. నువ్వు ఒప్పుకుంటావని చెప్పట్లేదు. అడిగావు కనక చెప్తున్నాను."

అత్త గోడ గడియారం వైపు చూసింది. పదీ నలభై.

"ఆటో ఇంకా రాలేదేంటి?"

టైమ్‌కీపరు కవరులో ఫోటోలు సర్దడంలో మునిగిపోయాడు. వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని, ఎటో చూస్తూ అంది. "వచ్చిందమ్మాయ్. పదిన్నరకే వచ్చింది. మీ అన్నయ్యే పంపించేశారు. కిటికీలోంచి చూశాను."

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు టైమ్‌కీపరు.

"ముప్పై ఎనిమిదేళ్ళు మూశాను. గిన్నెలకి మూతలున్నాయి, నాకక్కర్లేదు."

అత్త అన్నయ్య వైపు చూసింది. ఆయన చూపు తప్పించాడు. "నీ మంచికే," అని గొణిగాడు.

"నువ్వు పంపించింది ఆటోని. నన్ను కాదు," అంది అత్త. "ఒరే అబ్బాయ్, స్కూటరు తియ్యి."

ఏజెంటు తండ్రి ముఖంలోకి చూశాడు. తరవాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "పెట్రోలు లేదత్తా," అన్నాడు. నిన్న సాయంత్రమే పోయించాడని ఇంట్లో అందరికీ తెలుసు.

చెల్లెలు కుట్టిన కోటు తీసి అత్త తొడుక్కుంది. ఒక జేబులో పాస్‌పోర్టు, అందులో డాక్టరు కాగితం. కెమెరా ఎప్పట్లాగే మెడలో ఉంది. వెళ్ళి సరిగ్గా అన్నయ్య కుర్చీ ముందు నిలబడింది. డిపోలో ఆయన గది కిటికీ ముందు ప్రయాణికులు నిలబడేవారే, అలా.

"పెద్దాసుపత్రికి తరవాతి బస్సు ఎప్పుడు?"

టైమ్‌కీపరు దవడలు బిగించాడు. ఆయన ఏ విషయంలోనైనా అబద్ధం చెప్పగలడు. కూరలో ఉప్పు సరిపోయిందంటాడు, మోకాలు నొప్పి లేదంటాడు, ఆటోవాడికి ఇవాళ సవారీ లేదని చెప్పి పంపించగలడు. కానీ బస్సు టైము అడిగితే తప్పు చెప్పడం ఆ నోటికి చేతకాదు. ఒకసారి ఈయన సొంత మామగారే వస్తున్నారు, రెండు నిమిషాలాగమని డ్రైవరు బతిమాలినా బస్సు ఆపకుండా పంపించేసిన మనిషి.

"అన్నయ్యా, నిన్నే."

"పదీ యాభై అయిదు," అన్నాడు నేల చూపులతో. అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేకపోయాడు. పెదవులు వాటంతటవే కదిలాయి. "కాదు. ఇవాళ స్కూళ్ళకి సెలవు. స్కూలు దగ్గర ఆగదు. పదీ నలభై ఎనిమిదికే వచ్చేస్తుంది."

అందరూ ఒక్కసారే గడియారం చూశారు. పదీ నలభై మూడు.

అత్త అప్పటికే గుమ్మం దాటింది.

బస్టాపు వీధి చివర, మలుపు తిరిగితే. అత్త చెప్పులు టపటపలాడించుకుంటూ నడుస్తోంది. నల్లకుక్క పక్కనే. సగం దూరం వెళ్ళాక వెనక కేక వినబడింది.

"ఆగు! నేను ఒప్పుకోలేదు!"

టైమ్‌కీపరు వస్తున్నాడు. చేతిలో ఇంకా ఫోటోల కవరుంది. "నేను ఒప్పుకోలేదని చెప్తున్నానా! అలా కాదు, ఆ సందులోంచి వెళ్ళు, దగ్గర! ఒప్పుకోలేదు నేను!" అని అరుస్తూ, నడక చాలక, పంచె ఒక చేత్తో పైకి పట్టుకుని పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆయన పరుగెత్తగా అత్త పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి. కుక్క వెంటనే కూర్చుంది. అత్త నోరు తెరిచింది, మాట నాలుక చివరికి వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని మింగేసింది. అన్నయ్య ఒక కాలు గాల్లో ఉంది, నోరు తెరిచి ఉంది, కవరులోంచి ఫోటో ఒకటి ఎగిరి భుజం పక్కన ఉంది. ఈసారి ఊపిరి బిగబట్టింది అత్తే. నొక్కింది.

చిన్న తెరలో చూసుకుంది. అంచులు కాస్త చెదిరాయి. కానీ పరిగెడుతున్నాడు.

మలుపులో బస్సు హారను వినబడింది. అత్త సందులోంచి వెళ్ళింది, అదే దగ్గర. ఆమె మెట్టెక్కుతుండగా టైమ్‌కీపరు రొప్పుతూ వచ్చి వెనక తలుపు చువ్వ పట్టుకున్నాడు. కండక్టరు ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"సార్, మీరా! ఎక్కండి, ఎక్కండి. ఆపుతాను."

"నేనెక్కను. ఆ మనిషికివ్వు టికెట్టు." ఊపిరి అందక ఆగాడు. తరవాత అత్త ముఖంలోకి చూసి వేలు చూపించాడు. "నేను ఒప్పుకోలేదు. ఇవాళే కాదు, నువ్వు విమానం ఎక్కేరోజు కూడా ఒప్పుకోను."

"వద్దులే," అంది అత్త. "విమానం టైము మాత్రం అడిగితే చెప్పు."

టైమ్‌కీపరు చొక్కా జేబులోంచి పాత గడియారం తీసి చూశాడు. పదీ నలభై తొమ్మిది. ముఖం కందగడ్డలా అయింది.

"ఏం చూస్తున్నావయ్యా కండక్టరూ, అప్పుడే నిమిషం లేటు!" అని కసిరి, తలుపు రెక్క రెండు చేతులతో పట్టుకుని, అత్త ముఖం మీదే దభాలున వేసేశాడు.