చేతి చుట్టూ తిరిగే చేప

జానయ్య మోచేతిదాకా నీళ్ళలో చెయ్యి పెట్టి అద్దానికి పట్టిన పాచిని గీకుతున్నాడు. జడ్చర్ల బస్టాండు వెనక రంగుచేపల దుకాణం అది. ఎండిన చింతబరిగెలాంటి ముంజేయి, నాని ముడతలు పడ్డ వేళ్ళు. కండ్లు మాత్రం తొట్టివైపు కాదు, గోడవైపు ఉన్నాయి. ఏడాదిగా ఆయనకు వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనడం లేదు. సేటు అమరేందర్‌కు తెలిస్తే పని పోతుంది. పని పోతే పొద్దంతా ఎటు చూస్తూ కూర్చోవాలి? అందుకే చేపల జబ్బులకు పోసే నీలిమందునీళ్ళ క్యాను పిడికి పాత చీరపేలిక చుట్టుకున్నాడు. మంచినీళ్ళ క్యాను పిడి బోసిది. తడిమి పోసేవాడు.

ఈ తొట్టిలో నల్ల చేప ఉంటుంది. జానెడు పొడవు, కత్తి అలుగంత పలచన. తోక ముందుపెట్టి వెనక్కి ఈదుతూ వచ్చి, తాకకుండా ఆయన వేలువేలునా చుట్టిపోతుంది. నీటి కదలికను బట్టి తెలిసేది.

"గది కండ్లతోని చూడదు తాతా," అని కాలేజీలో చదివే సేటు చెల్లెలు సుచరిత ఒకసారి చెప్పింది. "తోకల సన్నగ కరెంటు పుట్టి చుట్టు నీళ్ళల్ల పరుచుకుంటది. రాయి అడ్డమొస్తె ఒక తీరు వంగుతది, పాణమున్నది వస్తె ఇంకో తీరు. దాని తోలుకు తెలుస్తది, చీకట్ల గూడ."

"షాకు కొడ్తదా బిడ్డా?"

"కొట్టదు. నిన్ను చూస్తదంతే."

అప్పటినుంచి నీళ్ళలో చెయ్యి పెడితే చాలు, ఒళ్ళు జలదరించేది. ఎవరికీ చెప్పని సంగతి దానికొక్కదానికే తెలిసినట్టుండేది.

ఈ పొద్దు చేప రాలేదు. వేళ్ళు ఆడించాడు. నీళ్ళు కదల్లేదు. మూలకు తడిమితే చల్లగా, మెత్తగా, ఒరిగి దొరికింది. ఇప్పుడు ఆయన చెయ్యే దాని చుట్టూ తిరుగుతోంది.

"గిదేంది పెద్దయ్యా, నీళ్ళు గింత నీలంగున్నయి?" వెనక సేటు గొంతు. "నల్లదాని తొట్ల మందు పోసినవా? పొలుసుల్లేని చేపకు గది విషమని నువ్వే జెప్తివి గద."

నిన్న దసరా. సేటు తల్లి సుగుణమ్మ ఆయుధపూజకని క్యాన్లు కడిగి, పేలిక పీకేసి, కుంకుమబొట్లు పెట్టింది. సాయంత్రం రెండు పిడులూ ఒక్కతీరుగా తగిలాయి. ఎవరినైనా అడిగితే అయిపోయేది. అడగలేదు, చేతికందిన క్యాను ఎత్తి నల్లదాని తొట్టిలో పోశాడు.

"నీలంగున్నయా సేటూ?" అన్నాడు జానయ్య.

అమరేందర్ దగ్గరికి వచ్చి ఆయన ముఖం ముందు చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

"గట్ల ఊపకు. గాలి తెలుస్తాంది."

"ఎన్నొద్దుల సంది?"

"శానొద్దులాయె."

"కూసో పెద్దయ్యా. చాయ్ చెప్పొస్త."

సేటు తిరిగొచ్చేసరికి దుకాణంలో ఎవరూ లేరు. కౌంటరు మీద, ఇన్నేళ్ళూ జానయ్య మొలతాడుకు వేలాడిన షట్టరు తాళంచెవి ఉంది, ఇంకా వెచ్చగా, తడితడిగా.