సరంగమ్మ గొణుగుడు

లాంచీ రోజుకు నాలుగుసార్లు నది దాటేది. బయల్దేరేముందు ఇంజను రెండుసార్లు దగ్గేది, తర్వాత పొగ, ఆ తర్వాత లాంచీ నడిపే సరంగమ్మ గొణుగుడు. గొణుగుడు మొదలైందంటే జనం సంచులు ఒళ్ళో పెట్టుకుని నిశ్చింతగా కునుకు తీసేవాళ్ళు. చంటిపిల్లలకు అదే జోల.

ఆ లాంచీ సంగతి రెండు ఒడ్లకీ తెలుసు. చక్రం ఎటు తిప్పినా వినదు. నడిపే మనిషి మనసు ఎటు లాగితే అటు పోతుంది. అందుకే నడిపేవాళ్ళు ఆ నలభై నిమిషాలూ తమ ఇష్టాన్ని ఎప్పటికప్పుడు దేవుడి ముందు దించేస్తూ ఉండాలి. "మనసు ఇంటి మీదకి పోయింది, తప్పైంది. నీ దారినే పోనీ. టికెట్లాయన్ని చూసి చిరాకు పడ్డాను, తప్పైంది. నీ దారినే పోనీ." ఒకసారి అంటే చాలదు. నిన్నటిది ఇవాళ పనికిరాదు. ఒడ్డున అన్నది నది మధ్యకొచ్చేసరికి పనికిరాదు.

మునుపు మగవాళ్ళే నడిపేవాళ్ళు. ఆఖరాయన మంచి పనిమంతుడే, కాకపోతే బుద్ధెరిగినప్పటి నుంచీ తప్పైంది అన్న మాట ఆయన నోట రాలేదు. "చేస్తే కదా అనడానికి!" అనేవాడు. నది మధ్యలో నీళ్ళ మీదకి కోరపన్నులా పొడుచుకొచ్చిన రాయి ఒకటుంది. లాంచీని తీసుకెళ్ళి దాని మీద పెట్టాడు. పదకొండుమంది పోయారు. అప్పుడు లాంచీ కంపెనీ పెద్దలు కూర్చుని, తప్పైంది అనడం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య కదా అనుకుని ఒకావిడను పెట్టారు. ఆవిడ పాపం, ఇంట్లో అలవాటు కొద్దీ, తను చేయనివాటికి కూడా క్షమాపణ అడిగేది. మొగుడు తాగినందుకు తప్పైంది, అత్తగారికి జ్వరం వచ్చినందుకు తప్పైంది. లాంచీ నది మధ్యలో గిరగిరా తిరిగింది. మొగుడి ముందు తల వంచడం వేరు, దేవుడి ముందు తల వంచడం వేరు. లాంచీకి తెలిసిన ఆ మాత్రం సంగతి కంపెనీకి తెలియలేదు.

ఆవిడ తర్వాత వచ్చింది సరంగమ్మ. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా లాంచీ పక్కకి పోలేదు. లాంచీ దిగాక మాత్రం ఆవిడ మనిషే వేరు. ఏ విషయమైనా "నేను చూసుకుంటాను" అనేది. చూసుకునేది కూడా. దేవుడికి నది వరకే అధికారం, ఒడ్డు తనది.

ఆ రోజు మొదటి ట్రిప్పు మామూలుగానే నడిచింది. తిరుగు ట్రిప్పుకి పట్నం రేవులో జనం ఎక్కుతుంటే మంచు దిగింది. తెల్లగా కాదు, బూడిద రంగులో, నీళ్ళని తాకుతూ. ఆ మంచులోంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడొచ్చి సరంగు గది పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.

"బాగున్నారా వదినా?"

సరంగమ్మ చెల్లెలి మొగుడు.

"మీ చెల్లెలు మీ ఇంట్లో ఉందటగా. పది రోజులైంది. చాల్లెండి, తీసుకెళ్తాను."

"దాని చెయ్యి ఇంకా కట్టులో ఉంది."

"మెట్ల మీద జారింది."

"నెలకో మెట్టు కడుతున్నావా నాయనా మీ ఇంట్లో?" అంది ముందు బెంచీ మీది కూరగాయలావిడ, గంప సర్దుకుంటూ. నలుగురు నవ్వారు. అతనూ నవ్వాడు. అతని నవ్వు అందరిదీ ఆగాక కూడా ఆగలేదు.

లాంచీ కదిలింది. సరంగమ్మ గొణగడం మొదలుపెట్టింది. "కోపమొచ్చింది, తప్పైంది. నీ దారినే పోనీ." కాసేపు బాగానే నడిచింది. తర్వాత ఆవిడకి చెల్లెలి చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేత్తో అన్నం కలుపుకోలేక ఎడం చేత్తో చెంచా పట్టుకోవడం గుర్తొచ్చింది. వీడు లేకపోతే ఎంత బాగుండును అనుకుంది. ఆ మాటకి తప్పైంది అనాలనిపించలేదు. తప్పెందుకవుతుంది?

గొణుగుడు ఆగిపోయింది.

ముందు చంటిపిల్ల లేచి ఏడ్చింది. తర్వాత కునుకు తీస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే తలలెత్తారు. చక్రం తిన్నగానే ఉంది, లాంచీ మాత్రం ఎడమవైపుకి ఒరుగుతూ పోతోంది. ఎడమవైపు ఏముందో అందరికీ తెలుసు.

"అమ్మా, గొణుగు తల్లీ," అంది కూరగాయలావిడ నెమ్మదిగా.

"తప్పైంది," అంది సరంగమ్మ. పెదాలే కదిలాయి. లాంచీ మరింత వేగంగా పోయింది.

మంచులో నీళ్ళు రాతికి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. చప్పరిస్తున్నట్టు ఉంది ఆ చప్పుడు. ఎవరో పిల్లని గుండెలకి హత్తుకున్నారు. ఇస్త్రీ చొక్కా మనిషి లేచి నిలబడ్డాడు. "వదినా, ఏంటిది?"

"అమ్మా, నీ గుండెల్లో ఏముందో మాకు అక్కర్లేదు," అంది కూరగాయలావిడ. "ఆయనకి చెప్పెయ్యి. త్వరగా."

"వీణ్ణి చంపాలనుకున్నాను," అంది సరంగమ్మ పైకే. "వీడితో పాటు ముప్ఫైమంది పోతారని తెలిసీ అనుకున్నాను. తప్పైంది."

లాంచీ వేగం తగ్గింది. ముక్కు మాత్రం రాయి వైపే ఉంది. ఇంకా ఏదో ఉంది. అదేమిటో ఆవిడకి తెలుసు, ఆరేళ్ళుగా తెలుసు. ఆ సంబంధం తెచ్చింది తను. తలుపు అవతల చెల్లెలు "నాకితను వద్దక్కా" అని ఏడుస్తుంటే, "నీకేం తెలుసు, నేను చూసుకుంటానుగా" అన్నది తను. మూడుసార్లు పారిపోయి వస్తే సర్దుకోమని మూడుసార్లూ ఈ లాంచీలోనే, నోటితో దేవుడి ముందు గొణుగుతూనే, తిరిగి దించి వచ్చింది తను. వీణ్ణి తిట్టుకున్నంత సేపూ అది గుర్తు రాకుండా హాయిగా ఉండేది.

"అది వద్దంది," అంది. "వద్దన్నా వినలేదు. నా మాటే నెగ్గాలనుకున్నాను. కొట్టింది వీడు, వీడి చేతికి దాన్నిచ్చింది నేను. తప్పైంది."

రాయి లాంచీ పక్కనుంచి పోయింది, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా. దాని మీది పాచి కూడా కనిపించింది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. సరంగమ్మకి ఇప్పుడు ఒకటే ఆత్రం. త్వరగా రేవు చేరాలి, వీడికంటే ముందు ఇంటికి పరిగెత్తాలి, చెల్లెల్ని గదిలో పెట్టి గడియ వెయ్యాలి, వకీలుకి తనే ఫోను చెయ్యాలి. లాంచీ ఆ ఆత్రాన్ని అందుకుని బాణంలా దూసుకుపోయింది. ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. గదిలో పెట్టడం. గడియ వెయ్యడం. చెల్లెలు ఎవరి ఇంట్లోంచి పారిపోయి వచ్చిందో ఆ ఇంట్లోనూ ఇవేగా?

"దాన్ని కాపాడేది కూడా నేనే కావాలనుకుంటున్నాను," అంది చాలా నెమ్మదిగా. "ఇదీ నా ఇష్టమే. తీసుకో."

చక్రం మీద నుంచి రెండు చేతులూ తీసేసింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత లాంచీ, ఎవరో మెడ పట్టి తిప్పినట్టు, సగానికి పైగా దాటిన నదిలో నిదానంగా వెనక్కి తిరిగింది. ఇటు కాదు స్వామీ, అటు! చేతులు చక్రం మీదకి లేచాయి. వాటిని చంకల్లో దాచుకుంది. "తప్పైంది," అంది. పది అడుగులు పోగానే మళ్ళీ అంది. పట్నం రేవు వచ్చేదాకా అంటూనే ఉంది.

జనం విసుక్కుంటూ సంచులు తీసుకున్నారు. "ఇవాళ ఆయనకి ఇటే ఇష్టమైనట్టుంది. మధ్యాహ్నం పోదాంలే," అన్నాడొకాయన. ఇస్త్రీ చొక్కా మనిషి మాత్రం కోపంతో ఊగిపోయాడు.

"నాటకాలా? వంతెన మీద నుంచి చుట్టూ తిరిగైనా సాయంత్రానికి వస్తా. దాన్ని ఎక్కడ దాస్తావో దాచుకో!"

సరంగమ్మ అతని కళ్ళలోకి చూసింది. "నీకు దాన్నివ్వడం నేను చేసిన తప్పు. అది ఒప్పుకున్నాను. నీ తప్పు సంగతి నువ్వు చూసుకో." అంతే అంది.

మంచు విడేసరికి మధ్యాహ్నమైంది. లాంచీ అవతలి రేవు చేరేటప్పటికి పక్కింటావిడ అక్కడే నిలబడి ఉంది. లాంచీ కట్టకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"మీ చెల్లెలు వెళ్ళిపోయింది. ఈ రేవులో ఆగే తొమ్మిదింటి బస్సు ఇవాళ గంట ఆలస్యం. కట్టుకట్టిన చేత్తో సంచి పట్టుకుని అంతసేపూ ఇక్కడే, ఈ రేవు మెట్ల మీదే నిలబడింది. లాంచీ ఎప్పుడొస్తుందో అని వణికిపోయింది పిల్ల. రాలేదు."

లాంచీ వేళకి వచ్చి ఉంటే, ఆ గంటలోనే, ఇస్త్రీ చొక్కా మనిషి దిగేది సరిగ్గా ఆ మెట్ల మీదే.

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దంది. అక్కకి చెబితే ఏం చెయ్యాలో మళ్ళీ అక్కే చెబుతుంది అంది." పక్కింటావిడ తల దించుకుంది. "నాకు మాత్రం చెప్పింది. ఏ ఊరో, ఎవరి దగ్గరకో. నీకైతే చెబుతాను, ఎంతైనా తోడబుట్టినదానివి."

సరంగమ్మ మెట్ల మీద కూర్చుంది. అడగాలని ఒళ్ళంతా లాగుతోంది. వెనకాల, తాడు కట్టి ఉన్న లాంచీ, ఇంజను ఆపి ఉన్న లాంచీ, బస్సు పోయిన దారివైపు ముక్కు తిప్పి తాడుని సాగదీస్తోంది. తాడు కిర్రుమంది.

పక్కింటావిడ వంగి ఆవిడ చెవి దగ్గర నోరు తెరిచింది.

"చెప్పొద్దు," అంది సరంగమ్మ, అరచేత్తో ఆవిడ నోరు మూసి. "నాకు తెలిస్తే లాంచీకి తెలుస్తుంది."