మూడో కాఫీ

పొగ తగిలితే కూసే యంత్రానికి తిర్హాస్ స్టూలెక్కి ప్లాస్టిక్ సంచీ తొడిగింది. కాఫీ గింజలు వేయించే ప్రతిసారీ ఇదో అదనపు పని. మర్చిపోతే అది గగ్గోలు పెడుతుంది, పై అంతస్తు ముసలావిడ వచ్చి తలుపు కొడుతుంది, హబ్తోమ్ ఆవిడ ముందు నవ్వుతూ "మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా అంతేనండీ" అంటాడు. స్టూలు దిగి పెనంలో గింజలు పోసింది. అతిథులు పన్నెండింటికి వస్తామన్నారు. పన్నెండు ఎప్పుడో దాటిపోయింది. రెండింటికి ఆమె ఊరి మధ్యలో పరదేశులకి భాష నేర్పే పెద్దల బడిలో ఉండాలి. మొదటి రోజు పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే సీటు క్యూలో ఉన్న తర్వాతి వాళ్లకి పోతుంది. గోథెన్‌బర్గ్‌లో దిగిన ప్రతి పరదేశికీ తెలిసిన సంగతే ఇది. హబ్తోమ్‌కి ఇంకా బాగా తెలుసు, అతను ఆ బడిలోనే చదువుకున్నాడు.

నిన్న రాత్రి అన్నం తింటూ చెప్పాడు. "రెండింటికి కదా నీది? వాళ్లు పన్నెండుకల్లా వచ్చేస్తారు. అబోయ్ ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి గడప దాటుతున్నాడు. మనింటికి పిలవకపోతే ఏం బావుంటుంది చెప్పు? కాఫీయేగా!"

కాఫీయేగా! గింజలు కడిగి, వేయించి, ఆ పొగ ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ తీసుకెళ్లి చూపించి, దంచి, మట్టి కూజాలో కాచి, చిన్న కప్పుల్లో పోసి, కప్పులు కడిగి, కూజాలో మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ కాచి... పుట్టిన ఊరు అస్మారాలోనైనా, గోథెన్‌బర్గ్ శివారు అంగెరెడ్‌లోని ఈ ఏడో అంతస్తులోనైనా మూడు వాయిలూ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మొదటిది రుచికి, రెండోది కబుర్లకి, మూడోది దీవెనకి. ఎవరు లేచినా లేవొచ్చునేమో గానీ పోసే ఆడది పీట మీంచి లేవడమన్నది ఎవరూ ఎరగరు. అలాంటి పీట మీద ఆమెను సరిగ్గా ఈ రోజే కూర్చోబెట్టి, కాఫీయేగా అంటాడు.

ఎనిమిదేళ్లుగా ఇదే తంతు. దేశంలో దిగగానే "ముందు నేను, తర్వాత నువ్వు" అన్నాడు. అతను భాష నేర్చుకున్నాడు, బస్సు నడపడం నేర్చుకున్నాడు. ఆమె హోటల్లో పక్కదుప్పట్లు మార్చింది, స్నానాల గదులు తోమింది. మొదటిసారి సీటొచ్చినప్పుడు కూతురు ఫియోరికి జ్వరం. పిల్లకి జ్వరమొస్తే తండ్రి ఇంట్లో ఉన్నా సర్కారు జీతమిచ్చే దేశం ఇది, అయినా ఉన్నది ఆమే. వారాల తరబడి రాలేదని పేరు కొట్టేశారు. రెండోసారి అతని అక్క లెతెకిదాన్ పురుడు. పురుడు పోసింది ఆసుపత్రి, బాలింతకి వండింది తిర్హాస్. ఏనాడూ ఎవరూ చదవొద్దనలేదు. ఒక్కసారైనా వద్దని ఉంటే ఆమె తిరగబడి ఉండేది. వద్దనని మనుషులతో ఎలా పోట్లాడాలో తెలియక ఎనిమిదేళ్లు గడిపేసింది.

ఈసారి బడిలో సలహాలిచ్చే ఉల్రికా అన్నావిడ దారులన్నీ బల్ల మీద పరిచినట్టు చెప్పింది. భాష ఒక్కటే నేర్చుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకోవచ్చు. లేదా భాషతో పాటు వృద్ధాశ్రమంలో సహాయకురాలి పని కూడా నేర్చుకుని, చదువైన వెంటనే ఉద్యోగంలో చేరవచ్చు. తిర్హాస్ మూడోది కావాలంది. ఇంటికొచ్చి చెబితే హబ్తోమ్ ఎంతో ప్రేమగా "ఇంట్లోంచి చదివేది తీసుకో, నీకే సుఖం. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పాఠం వినొచ్చు" అన్నాడు. సుఖమట! అతను బస్సు నేర్చుకున్నన్నాళ్లూ ఒక్క పాఠమైనా కూర కలుపుతూ విన్నాడా?

ఒంటిగంటకి కాస్త ముందు వచ్చారు. చర్చిలో అందరికీ పెద్దదిక్కై, అందరిచేతా అబోయ్, అంటే పెద్దయ్యా, అని పిలిపించుకునే గెబ్రెజ్గీ కర్ర ఊతంతో వచ్చాడు, ఆయన్ని పట్టుకుని లెతెకిదాన్. దంచుతుంటేనే ఆడపడుచు మొదలుపెట్టింది.

"ఏంటి తిర్హాస్, చదువుకి పోతున్నావంట? ముసలోళ్ల ముడ్లు కడగడానికి కూడా చదువు కావాలా ఈ దేశంలో?"

"కావాలట వదినా."

"మా అమ్మ మంచాన పడితే నువ్వే చేశావు కదే, ఏ బడికెళ్లి నేర్చావు?"

"అక్కడ జీతం లేదు కదా వదినా, అందుకే బడి అక్కర్లేకపోయింది."

హబ్తోమ్ గట్టిగా నవ్వాడు. మాట మీద పడ్డ మంట ఆర్పడానికి అతనికి తెలిసిన విద్య అదొక్కటే. "చూశావా అక్కా, ఇంకా బళ్లో చేరకముందే నోరొచ్చేసింది."

మొదటి వాయి పోసింది. అబోయ్ తన ఆపరేషన్ కథ తీరిగ్గా మొదలుపెట్టాడు. ముసలాయన మీద ఆమెకి కోపం లేదు. రెండో వాయికి నీళ్లు పోసింది. కూజా మెల్లగా కాగుతోంది, ట్రామ్ తన కోసం ఆగదు. రెండో కాఫీ పోసి కప్పులు అందించి, కాళ్లు కూడదీసుకుని పీట మీంచి లేచింది.

"నేను బయలుదేరాలి."

హబ్తోమ్ కనుబొమలతో కూర్చోమన్నాడు. కూర్చోలేదు. అప్పుడు అతిథుల వైపు తిరిగి తేలిగ్గా, సరదాగా అన్నాడు. "ఒక్క రోజు పేరు పిలిచినప్పుడు లేకపోతే చదువెక్కడికి పోతుందబ్బా! మళ్లీ విడతలో చేరొచ్చు."

"అబోయ్" అంది తిర్హాస్. "ఈయన బస్సు పరీక్ష రోజు మీకు గుర్తుందా?"

ముసలాయన కప్పు కింద పెట్టాడు.

వాళ్లలో చావు కబురు కొడుక్కి ఫోన్లో చెప్పే పద్ధతి లేదు. ఇంట్లో ఇంకొకరికి చెబుతారు, సంఘం పెద్దలకి చెబుతారు, తెల్లవారుజామున అందరూ వచ్చి చుట్టూ కూర్చుని చెబుతారు. హబ్తోమ్ తండ్రి పోయిన కబురు పరీక్షకి ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఆమెకే వచ్చింది.

"తెల్లారకుండానే మీరంతా వచ్చారు. మీ కాళ్లు పట్టుకుని మెట్ల దగ్గరే ఆపేశాను, ఇవాళ ఈయన పరీక్ష, సాయంత్రం రండి పెద్దయ్యా అని. అవునా కాదా?"

"అవునమ్మా" అన్నాడు అబోయ్ నేలచూపులు చూస్తూ.

"రాత్రంతా ఈయన పక్కనే పడుకున్నాను, ఏడుపు నోట్లో కుక్కుకుని. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసిచ్చి, నవ్వుతూ సాగనంపాను. మామగారంటే నాకు ప్రాణం. హోటల్లో దుప్పట్ల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఒక్క రోజు పోతే చదువెక్కడికి పోతుందని ఆవేళ నాకెందుకు తోచలేదు హబ్తోమ్?"

కబురు పరీక్ష రోజు సాయంత్రమే వచ్చిందని హబ్తోమ్ ఇన్నేళ్లూ అనుకున్నాడు. లెతెకిదాన్ మొహం పాలిపోయింది, పోయినవాడు ఆమెకీ తండ్రే.

తిర్హాస్ కూజాని బట్టతో పట్టుకుని భర్త ముందు పెట్టింది. "మూడోది నువ్వు పొయ్యి."

"దీవెన కాఫీ కదమ్మా" అన్నాడు అబోయ్, నొచ్చుకుంటూ కాదు, బతిమాలుతున్నట్టు. "అది తాగకుండా గుమ్మం దాటితే ఎలా?"

"మీరు దీవిస్తే ఇక్కడి నుంచే తగులుతుంది పెద్దయ్యా. తగలకపోయినా వెళ్తాను."

చలికోటు చేతుల్లోకి దూర్చుకుంటూనే మెట్లు దిగింది. ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుంది. ఫోన్ మోగింది.

"తిర్హాస్... అది... మూడోదానికి నీళ్లెన్ని పొయ్యాలి?"

క్షమించమని అడుగుతాడేమోనని ఒక్క క్షణం ఆశపడినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. "ఎనిమిదేళ్లు నా ఎదురుగా కూర్చుని తాగావు కదా, ఒక్కసారైనా చూడలేదా?" అని పెట్టేసింది.

ఆమె చేరేసరికి పేర్లు పిలుస్తున్నారు. వెనక ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చుంది. అప్పుడు చూసింది గోడవారగా నిలబడినవాళ్లని. క్యూలో ఉన్నవాళ్లు, ఎవరైనా రాకపోతారా అని వచ్చినవాళ్లు. వాళ్లలో ముందు నిలబడ్డ ఆడమనిషి కడుపుతో ఉంది. తలకి గుడ్డ, చేతిలో పక్కన నిలబడ్డ పిల్లాడి చొక్కా కొస. ఆ ఖాళీ కుర్చీనే చూస్తూ వచ్చిందేమో, తిర్హాస్ కూర్చోగానే ఆమె మొహం వాడిపోయింది. పాపం, కడుపుతో ఉంది, నిలబడలేకపోతోంది, నేను మళ్లీ విడతలో చేరొచ్చు... ఎవరూ అడగకుండానే, ఎవరూ కనుబొమలెగరేయకుండానే, తిర్హాస్ కాళ్లు వాటంతటవే లేవబోయాయి. హబ్తోమ్ ఇక్కడ లేడు, ఆడపడుచు లేదు. లేవమంటున్నది తనే. అది తెలిసేసరికి ఇంటి దగ్గరి కోపమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

"తిర్హాస్ వోల్దు?" పంతులమ్మ కాగితం మీంచి తలెత్తింది. "తిర్హాస్ వోల్దు, వచ్చారా?"

గోడ దగ్గరి ఆడమనిషి ఊపిరి బిగపట్టింది.

తిర్హాస్ రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది. "వచ్చాను" అంది.