టర్బో మీది బొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ప్రశాంతి ఇరుగుపొరుగుకంతా చెప్పి పెట్టింది. ఉండదా మరి! హైటెక్ సిటీలో మా ఆఫీసులో ఎవరి కంప్యూటర్ నెమ్మదించినా "శివశంకర్, జర చూడరాదూ" అని నన్నే పిలుస్తారు. అలాంటిది ఖాజాగూడలో, మా ఇంట్లో, నా సొంత కంప్యూటరే మొరాయించింది.

అదీ ఎప్పుడు? తొంభై తొమ్మిదిలో, దసరా వెళ్లగానే, మా పింకీ కన్ను సంగతి బయటపడ్డాక. పిల్లకు ఎడమ కంటి చూపు మందంగా ఉందట. మంచి కంటికి పట్టీ కట్టి, ఆ మందకొడి కంటితో రోజూ పని చేయించాలని, ఇప్పుడు వదిలేస్తే చూపు ఇక రాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పింకీ పట్టీ కట్టగానే ఏడ్చి పీకేసేది. చాక్లెట్లు ఇచ్చాం, బతిమాలాం, నేను అరిచాను కూడా. చివరికి ఒక్కదానికే ఒప్పుకుంది. కంప్యూటర్లో కారు ఆట ఆడనిస్తే పట్టీ ఉంచుకుంటుంది.

నిజానికి అది టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్. దాన్ని కంప్యూటర్లో నడిపించే ఎమ్యులేటర్‌ని ఆఫీసు మిత్రుడొకడు ఫ్లాపీలో ఇచ్చాడు. దసరాకు ముందు నేనాడినప్పుడు కారు పరుగులు తీసేది. ఇప్పుడేమో ఎడ్లబండిలా కదులుతోంది, పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఇలా అయితే పిల్ల విసిగిపోయి పట్టీ పీకేస్తుందని నా గుండెల్లో రాయి పడింది.

ఆదివారం పొద్దున్నే పట్టుబట్టి కూర్చున్నాను. విండోస్ మూసి డాస్‌లోంచి నడిపాను. శబ్దం ఆపేశాను. ఆట కనిపించే కిటికీ చిన్నది చేశాను. ఒక బొమ్మ వదిలి ఒక బొమ్మ చూపించమన్నాను. ఊహూఁ! డబ్బా విప్పుదామని ముందుకు లాగితే అప్పుడు కనిపించింది. టర్బో బటన్ మీద ఎండిన గంధం, దాని మీద కుంకుమ. ఆ బటన్ లోపలికి నొక్కి ఉంటేనే మా పాత యంత్రం పూర్తి వేగంతో నడుస్తుంది. బొట్టు పెట్టిన వేలి నొక్కుకు అది బయటికి వచ్చేసి ఉంది.

"ఎవరిదీ ఘనకార్యం?" అని అరిచాను.

"నేనే, ఆయుధపూజకు బొట్టు పెట్టిన," అంది ప్రశాంతి వంటింట్లోంచి. "గుండ్రంగ మంచిగ కనబడ్డది, దానికే పెట్టిన. గంత పరేషాన్ ఎందుకు?"

"పెట్టినవ్ లే, మహాతల్లీ!" అని బటన్ నొక్కాను. కారు దూసుకుపోయింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! పింకీని పిలిచి, పట్టీ కట్టి కూర్చోబెట్టాను.

కారు రాయికి గుద్దుకుంది. మళ్లీ గుద్దుకుంది. పిల్ల పట్టీ పీకి నేలకేసి కొట్టింది.

"రాయి కనబడకముందే గుద్దుతుంది డాడీ! నిన్నటి లెక్కనే మెల్లగ చెయ్యి. నిన్న నేను గెలిచిన," అని ఏడ్చింది.

గెలిచిందా? ప్రశాంతి వైపు చూశాను.

"రోజూ గెలుస్తది," అంది ప్రశాంతి. "ఎన్నడన్న పక్కన కూసోని చూసినవా?"

ఆ కన్ను రాయిని పోల్చుకోవాలంటే ఆ ఎడ్లబండి నడకే కావాలి. దాన్ని బాగుచేస్తానని పొద్దంతా కుస్తీ పట్టాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది! బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని బటన్ మళ్లీ బయటికి వదిలాను. పట్టీ తనే తెచ్చి కట్టమంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత బటన్ జోలికి ఎవరం పోలేదు. ఆఫీసు నుంచి రాగానే పక్కన కూర్చుని ఆట చూసేవాణ్ణి.

డిసెంబరులో, కొత్త ఏడు రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఆఫీసంతా హడావిడిగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం పింకీ పట్టీతోనే నా వైపు విసుగ్గా తిరిగింది.

"ఏంది డాడీ, గిట్ల మెల్లగ పోతుంది? జర స్పీడ్ పెట్టవా?"

కేకేస్తే ప్రశాంతి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? మళ్ల ఖరాబైందా?"

"లేదు. స్పీడ్ కావాల్నంట. నువ్వే నొక్కు."

పిండి అంటిన వేలితో ఆమె ఆ బొట్టు మీద నొక్కింది. కారు దూసుకుపోయింది. మొదటి రాయి దాటింది, రెండోదీ దాటింది. మేమిద్దరం ఏడుస్తున్నామని పింకీ చూడనే లేదు, దాని కన్ను రోడ్డు మీదే ఉంది.