సిరంజి మీది గీతలు

భాగమ్మకు పన్నెండో ఏట, 1969లో, చక్కెర జబ్బు బయటపడింది. అప్పటినుంచి రోజూ ఇన్సులిన్ సూది తప్పలేదు. పెద్దయ్యాక తాండూరులో అన్న జంగప్ప ఇంట్లో ఉంటూ జాకెట్లు కుట్టేది. పొద్దున్నే గాజు సిరంజి ఉడకబెట్టి తన సూది తనే వేసుకునేది.

1984 వేసవిలో కుడికంటి ముందు నల్లటి దారపు పోగు లాంటిది తేలింది. తుడిచినా పోలేదు. నెల తిరిగేసరికి ఆ కంటికి మసక కమ్మింది. తర్వాత ఎడమకంటికీ సన్నటివి ఆనడం మానేశాయి. ఎవరికీ చెప్పలేదు. సిరంజి మీది గీతలు కనబడకపోతే అందాజాగా మందు గుంజుకునేది.

ఒకరోజు మందు ఎక్కువై ఒంట్లో చక్కెర మరీ పడిపోయింది. కుట్టు మిషన్ ముందే చెమటలు పట్టి ఒరిగిపోయింది. జంగప్ప ఆమె బుగ్గలో చక్కెర రుద్దాడు.

కాసేపటికి తేరుకున్నాక అడిగాడు. "ఎన్ని గీతలు గుంజినవే?"

"గీతలు కానొస్తలేవన్నా. మూడు నెలలాయె."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే కుట్టనిస్తవా?"

మర్నాడు ఇద్దరూ హైదరాబాద్ రైలెక్కారు.

కంటి డాక్టరు చుక్కల మందు వేసి చాలాసేపు చూశాడు. చక్కెర వల్ల కంటి వెనక సన్నటి రక్తనాళాలు పాడయ్యాయనీ, కొత్తగా పుట్టినవి బలం లేక చిట్లి రక్తం కారుతోందనీ చెప్పాడు. కుడికంటి చూపు ఇక రాదు. లేజర్‌తో ఎడమది నిలవవచ్చు.

"నొప్పి లేకుండె సార్."

"ఈ జబ్బు కంట్లో నొప్పి పెట్టదమ్మా. అందుకే ఏటా చూపించుకోవాలి."

"నాకెవ్వరు చెప్పలే."

డాక్టరు లేజర్‌కు చీటీ రాసిచ్చాడు.

మూడుసార్లు లేజర్ చేశారు. ఎడమ చూపు నిలిచింది గాని గీతలు మాత్రం కనబడలేదు. పాలిష్ బండల కార్ఖానాకు పోయేముందు జంగప్పే సూది వేసేవాడు. అది ఆమెకు నచ్చలేదు. గడియారాలు బాగుచేసే ఇస్మాయిల్ దగ్గరికి సిరంజి పట్టుకుపోయింది.

"చూడకుండ కొలిచే ఉపాయం ఏమన్న ఉన్నదా భాయ్?"

అతను చిన్న ఇత్తడి ముక్క కోసిచ్చాడు. సిరంజి అంచుకూ, వెనక్కి లాగిన కడ్డీ తలకూ మధ్య అది సరిగ్గా పడితే మందు సరిపోయినట్టు. జంగప్ప పదిసార్లు నీళ్లతో కొలిచి చూశాడు. తేడా రాలేదు. మరునాటినుంచి ఆమె సూది మళ్లీ ఆమే వేసుకుంది. కుట్టడం మాత్రం మానేసింది. ఇంటిముందు కూరగాయలు అమ్మసాగింది.

1987లో బషీరాబాద్ నుంచి మొగులమ్మ అనే ఆమె, భాగమ్మ చూడకుండానే సూది వేసుకుంటుందని విని, పదిహేనేళ్ల బిడ్డను తీసుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఆ పిల్ల ఐదేళ్లుగా సూదుల మీద ఉంది.

"కండ్లు చూపెట్టినవా?" అడిగింది భాగమ్మ.

"కండ్లు మంచిగనే ఉన్నయక్కా."

"నాయి గట్లనే ఉండె."

మొగులమ్మ బిడ్డ వైపు చూసింది. మరుసటి వారం ముగ్గురూ కలిసి హైదరాబాద్ రైలెక్కారు.