సర్దారు ఇంట్లో గ్యాసు

మా ఆయన నర్సింగం, బొగ్గు గనిలో సర్దారు. కార్మికులు దిగకముందే దీపం పట్టుకుని వెళ్లి, లోపల గ్యాసు ఉందో లేదో చూడటం ఆయన పని. అలాంటి మనిషితో ఇంట్లో గోబర్ గ్యాసు పెట్టిద్దామన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

కమాన్‌పూర్‌లో మాకు రెండు బర్రెలు, పెరట్లో కంపెనీ ఇచ్చిన బొగ్గు కుప్ప. ఆ బొగ్గు పొగకే నా దగ్గు ముదిరింది. పొగ మానకపోతే మందులు పనిచెయ్యవని దవాఖానలో చెప్పేశారు. నేనూ మొండిదాన్నే. డెబ్బై ఆరులో బ్లాకు ఆఫీసు చుట్టూ తిరిగి పేడ గుంట కట్టించి, దాని మీద గ్యాసు పట్టే ఇనుప డ్రమ్ము బోర్లించేదాకా ఊరుకోలేదు. మంట రాకపోతే గుంట పూడ్చేస్తానని ఆయన తెగేసి చెప్పాడు.

పేడతో పాటు అంగట్లో పారేసిన పుచ్చు వంకాయలు, గంజి, పాచిపోయిన అన్నం, దొరికిందల్లా కలిపి పోశాను. ఇరవై రోజులకు లోపల గ్యాసు నిండి డ్రమ్ము పైకి లేచింది. ఆగలేక వాడకట్టు ఆడవాళ్లందరినీ చాయ్‌కి పిలిచాను. పొయ్యి మర తిప్పితే సుయ్యిమంది, అగ్గిపుల్ల మాత్రం ఆరిపోయింది. పెట్టె సగం ఖాళీ అయింది. పక్కింటి మల్లక్క నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఆయన పార అందుకుంటాడనుకున్నాను. వంగి ఇంకో పుల్ల గీసి, అది ఆరిన తీరు చూశాడు.

"గ్యాసు వచ్చింది. కని ముందుగాల వచ్చేది మంటను ఆర్పుతది. పాత గనులల్ల గిసొంటి గాలికే మా దీపాలు ఆరుతయి. దీన్ని ఇడిసిపెట్టాలె."

అందరినీ బయటికి పంపాడు. చుట్టుపక్కల పొయ్యిలన్నీ ఆర్పించి, గొట్టం ఊడదీసి పెరట్లోకి గాలి వదిలాడు. తప్పంతా నా వంకాయలదేనని, అవి పులిసే ఈ గాలి పుట్టిందని తేల్చి, కొన్నాళ్లు ఒట్టి పేడే పొయ్యమన్నాడు. ఆ రోజు నుంచి షిఫ్టు దిగితే బొగ్గు బట్టలతోనే డ్రమ్ము దగ్గరికి నడిచేవాడు. గుంట నాదో ఆయనదో నాకే తెలియకుండా పోయింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే నన్ను గడప అవతల నిలబెట్టి తనే పుల్ల పెట్టాడు. మంట నిలిచింది. చాయ్ గిన్నె పెట్టి పక్కన కూర్చున్నాను. ఆయన మంటను చూస్తున్నాడనుకున్నాను కానీ చూపు నా మీదే ఉంది.

"ఏంది గట్ల చూసుడు?"

"చాయ్ మసిలింది. నువ్వు ఒక్కసారి సుత దగ్గలే."

నా దగ్గు ఆయన రోజూ వింటున్నాడని నాకు ఆ పొద్దున తెలిసింది.