నూనె మరక పడిన కుర్చీ

"అక్కా, కుర్చీ డబ్బుల్లో కోత పెట్టారు, కాస్త మాట్లాడి పెట్టవా?" అంది నా తోటికోడలు, ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది నచ్చకపోతే వెనక్కి పంపేయడం తనకి సరదా. దాన్ని థర్మాకోల్ ముక్కలతో సహా మళ్లీ పెట్టెలో కుక్కి, టేపు వేసి, ఫోటోలు తీసి, తీసుకెళ్లే మనిషి కోసం గుమ్మం కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్న ఒక్క మాట మీద వచ్చిన ఉద్యోగం.

ఈసారి పంపింది చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీ. తల ఆన్చుకోవడానికి మెత్తటి దిండు కూడా ఉంది. రంగు తన గది గోడకి నప్పలేదట! అది వచ్చిన రోజు అత్తగారు దాన్ని నిమిరి మరీ, "సంపాదించే పిల్ల, నడుం జాగ్రత్తగా చూసుకోవాలి" అన్నారు. నడుం నాకూ ఉంది. వంటగట్టు దగ్గర అరిగిపోయే నడుం ఎవరి లెక్కలోకీ రాదు. సాయంత్రాలు వీధి పిల్లలకి లెక్కలు చెప్పేటప్పుడు నేను కూర్చునేది కుంటి ప్లాస్టిక్ స్టూలు. ఒకసారి మా ఆయన్ని కుర్చీ అడిగితే, "నువ్వు కూర్చునేదెప్పుడే? నేనెప్పుడూ చూడలేదే!" అని నవ్వాడు. తోటికోడలి జీతం మీద, బట్టల మీద నాకు కుళ్లు లేదంటే అబద్ధం. కానీ అసలు కడుపు మండింది, తను ఆ కుర్చీలో వెనక్కి వాలితే "ఏం, పనేం లేదా?" అని ఒక్కరూ అడగనందుకు.

అందుకే, తీసుకెళ్లే మనిషి రావడం ఆలస్యమైన ఆ మధ్యాహ్నాలు, తలుపు గడియ పెట్టి అందులో కూర్చున్నాను. దొంగతనంగా మొదలుపెట్టి దొరసానిలా వాలిపోయాను. ఓసారి కునుకు కూడా పట్టింది.

ఇప్పుడు కంపెనీ పంపిన ఫోటోలో, దిండు మీద అరచేయంత నా తలనూనె మరక. వాడిన వస్తువు కాబట్టి తిరిగి సర్దే ఖర్చు మినహాయించాం అని కింద రాశారు.

"నేనసలు తలకి నూనె రాస్తానా?" అని తోటికోడలు చిందులు తొక్కుతోంది.

"వీళ్లతో గొడవ పడటంలో మా ఆవిడని మించినవాళ్లు లేరు. ఫోన్ చెయ్యవే," అన్నాడు మా ఆయన. ఈ ఇంట్లో నాకు దక్కే బిరుదులన్నీ ఇలాంటి పనులకే.

అందరూ వినేలా స్పీకర్ పెట్టాను. అవతల అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "మేడమ్, వెనక్కొచ్చినదాన్ని ఎవరో ఒకరు విప్పాలి, తుడవాలి, మళ్లీ దాని చోట్లో పెట్టాలి. వాళ్లకి కూలి ఇవ్వాలి కదండీ."

నోటి దాకా వచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది. తోటికోడలిని వదిలి నా అసూయ ఎక్కడో గోడౌన్‌లో గుడ్డ పట్టుకున్న మనిషి మీదికి పోయింది. తుడిచినందుకు కూలి! తీసినది తీసిన చోట పెట్టినందుకు కూలి! పైగా, ఇచ్చి తీరాలని వాదించడానికి ఓ కంపెనీ!

"న్యాయమేనమ్మా. పట్టుకోండి," అన్నాను.

"అక్కా!"

"ఏమే, మతి పోయిందా?" అన్నాడు మా ఆయన.

"ఆ మరక నాది. కూర్చుంది నేనే. ఆ కోతేదో నేనిచ్చుకుంటాను," అని వాళ్లకి చెప్పి, మళ్లీ ఫోన్‌లోకి అడిగాను. "ఆ కుర్చీ ఇంకా మీ దగ్గరే ఉందా అమ్మా?"

"ఉందండీ. విప్పిన పెట్టె సరుకు కింద తక్కువకి అమ్ముతాం."

"నాకు అమ్మండి. పిల్లలిచ్చిన ఫీజులు నా ఖాతాలో ఉన్నాయి, ఇప్పుడే కట్టేస్తాను."

"ఇలా కొన్నది మళ్లీ వెనక్కి తీసుకోం మేడమ్. పర్లేదా?"

"మరీ మంచిది."

ఫోన్ పెట్టేశాక మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బాగానే ఉంది. నువ్వూ కుర్చీలో కూర్చుంటే ఇంట్లో పనెవరు చేస్తారట?"

"ముందు కుర్చీ రానివ్వండి," అన్నాను. "కూర్చుని ఆలోచిస్తాను."